ఆపా రాసిన డౌటు

ఆపా చనిపోయిన సంగతి ఉదయం ప్రార్థనకు గంట కొట్టే ముందు తెలిసింది. ఫోను చేసింది మా దగ్గరే చదువుకొని, ఇప్పుడు కొత్తగూడెంలో నర్సు శిక్షణలో ఉన్న అమ్మాయి. "టీచర్, మేడం పోయిందట" అన్నది. "అట ఏమిటి, ఎవరు చెప్పారు నీకు?" అని అడిగాను. "నేనే చూసొచ్చిన టీచర్. అట అని ఎందుకన్ననో నాకే తెల్వదు" అని ఏడ్చింది.

ఆ ఏడుపు వింటూ కూడా నేను నమ్మానో లేదో చెప్పలేను. ఫోను పెట్టేసి, సుద్దముక్కల డబ్బా పట్టుకొని తరగతిలోకి వెళ్లాను. పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోమని చెప్పడం మరిచిపోయాను.

ఉర్దూలో ఆపా అంటే అక్క. ఆమె నాకు చుట్టం కాదు, మా మతమూ ఒకటి కాదు. నాది పెనుబల్లి వైపు. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట, ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఆడపిల్లల వసతి బడిలో ఆమె ఇంగ్లిషు చెప్పేది, నేను తెలుగు. పిల్లలంతా మేడం అనేవాళ్లు. ఒకసారి ఆమె తమ్ముడు చూడ్డానికి వచ్చి 'ఆపా' అని పిలిస్తే ఆ పిలుపు నాకు నచ్చి పట్టుకున్నాను. ఆమె నన్ను పేరుతో పిలిచిన గుర్తు లేదు. "ఏ తెలుగూ, చాయ్ తాగుదామా" అనేది. మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత ఎవరైనా పేరుతో పిలిస్తే అది నన్ను కాదేమో అనిపించేది.

వాళ్ల నాన్న కొత్తగూడెంలో దర్జీ. ఆమె బాల్యమంతా కుట్టుమిషను చప్పుడులో గడిచింది. "కొలువకుండ కత్తెర పెట్టొద్దు" అని ఆయన అనేవాడట. ఆమె వాక్యాలు దిద్దే తీరు కూడా అట్లాగే ఉండేది. ఎర్రసిరా కలం మూత తీసి, పిల్లల వాక్యాన్ని పెదాలు కదుపుతూ చదివి, మళ్లీ మూత పెట్టేసి, కాసేపు కిటికీలోంచి చూసి, అప్పుడు దిద్దేది. నేను ఒక తరగతి నోటుపుస్తకాలన్నీ దిద్దేసరికి ఆమె సగంలో ఉండేది. చాయ్ చల్లారిపోయేది. చల్లారిన చాయ్‌నే సాసర్‌లో పోసుకొని తాగేది, ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

పిల్లలకు ఏది తెలియకపోయినా చెయ్యెత్తి "మేడం, డౌట్" అనేవాళ్లు. అది ఆమెకు నచ్చేది కాదు. తెలియనిది అడిగితే అది ప్రశ్న, డౌటు వేరు అని చెప్పేది. ఎవరైనా ఒకటి నిజమంటుంటే, నాకు నమ్మబుద్ధి కావట్లేదని చెప్పడం డౌటు. "ఐ డౌట్ దట్ ఇట్ విల్ రెయిన్" అంటే వాన పడదనే నా నమ్మకం అని. పిల్లలు తలకాయలూపేవాళ్లు. వాళ్ల ఇళ్లలో కోయ, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిషు. మూడు భాషల మధ్య ఆ వాన పడేదో లేదో వాళ్లకు తేలేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ తేలేది కాదు.

ఒక సాయంత్రం ఆమె నన్ను అడిగింది, తెలుగులో డౌటు ఎక్కడ ఉంటుందని. నేను ఆలోచించి చెప్పాను. వచ్చాడేమో, వచ్చాడట, వచ్చాడు కాబోలు. మాట అంతా అయిపోయాక చివర ఒక చిన్న ముక్క తగిలిస్తాం అన్నాను. ఆమె ముఖం వెలిగింది. "అంటే మీకు డౌటు తోకల ఉంటది. ఇంగ్లిషుల తలల ఉంటది. అందుకే మన పిల్లలు వాక్యం మొదలుపెట్టంగనే ఆగిపోతరు" అన్నది. ఆ మాట ఆ తర్వాత నేను ఎన్ని తరగతుల్లో చెప్పానో.

ఇక ఆ దుప్పట్ల సంగతి. ఆమెను తలుచుకుంటే అది చెప్పకుండా ఉండలేను.

ఆ ఏడు గోదారి బాగా వచ్చింది. ఒడ్డు ఊళ్లవాళ్లు మా బడి గదుల్లో తలదాచుకున్నారు. సంస్థ పెద్దాఫీసు వాళ్లకోసం దుప్పట్లు పంపింది. వరద తగ్గి జనం వెళ్లిపోయాక లెక్క చూస్తే ఒక బేలు, అంటే ఒక పెద్ద కట్ట, తక్కువైంది. సామాన్ల గది తాళంచెవి మా వంటక్క దగ్గర ఉండేది. బియ్యం, పప్పు కూడా అందులోనే కదా. ఆమె దగ్గర్లోని కోయగూడెం మనిషి, తక్కువ మాట్లాడేది. మేనేజరు చెడ్డవాడు కాదు, ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, పెద్దాఫీసు పేరు చెబితే భయం. ఎవరు ఏం చూశారో రాసివ్వమన్నాడు. అంతా ఇంగ్లిషులో ఉండాలన్నాడు, పైకి పంపాలట. దుప్పట్ల సంగతి నాకు తెలియదని నేను చెప్తే, దాన్ని ఇంగ్లిషులో రాసిపెట్టింది ఆపాయే.

తనది రాయడానికి ఆమెకు ఒక పూట పట్టింది. రాసినవి రెండే వాక్యాలు. మొదటిది, వంటక్క ఒక మూట నెత్తిన పెట్టుకొని వెనక దారిన వెళ్లడం నేను చూశాను అని. రెండోది, "ఐ డౌట్ దట్ షి టుక్ ది బ్లాంకెట్స్."

నాకు చదివి, తెలుగులో చెప్పింది. ఆమె దుప్పట్లు తీసిందంటే నేను నమ్మను, అని దాని అర్థం.

మూట సంగతి ఎందుకు రాశావని అడిగాను. ఆ రోజు ఆ దారిన వెళ్లినవాళ్లందరి నెత్తినా మూటలే కదా. "చూసిన గదా తెలుగూ. చూసింది దాచితే, రేపు చూడంది రాయమన్నా రాస్త" అన్నది. పోనీ, ఆమె తీయలేదని సూటిగా రాసెయ్యరాదా అన్నాను. "నేను మూట విప్పి చూసిన్నా? నాకు తెలిసింది తెలిసినంతే రాయాలె. తెల్వదు గానీ నమ్మ. అంతే."

నాకు అది మరీ సన్నటి గీతలా అనిపించింది. కానీ ఆమెకు ఇంగ్లిషు వచ్చు, నాకు రాదు. ఊరుకున్నాను.

తర్వాతి వారం నోటీసు బోర్డు మీద తెలుగులో కాగితం అంటించారు. వంటమనిషిని పనిలోంచి తీసేశారు. కారణాల్లో ఒకటి, 'ఇంగ్లిషు ఉపాధ్యాయురాలు కూడా ఈమెపై అనుమానం వ్యక్తం చేసినందున' అని. ఆపా దాన్ని నిలబడి చదివింది. చదివి వెనక్కి తిరిగి చూసింది, అక్కడ ఇంకో ఇంగ్లిషు ఉపాధ్యాయురాలు ఎవరైనా ఉందా అన్నట్టు.

మేనేజరు గదికి ఆమె వెంట నేనూ వెళ్లాను. ఆమె మెల్లగా చెప్పింది, నేను రాసింది వంటక్క పక్షాన అని. అతను కాగితం తీసి చూపించాడు. "మీరే రాశారు కదా మేడం, డౌటని. మూట కూడా చూశానన్నారు. డౌటంటే అనుమానమే కదా. ఎవరినడిగినా అదే చెప్తారు" అన్నాడు. వెక్కిరింపు లేదు, నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు. ఆమె ఆఫీసులో ఉన్న నిఘంటువు తెప్పించింది. ఇంగ్లిషు మాటకు ఎదురుగా తెలుగులో సందేహము, అనుమానము, శంక అని ఉన్నాయి. అతను వేలు పెట్టి రెండో మాట చూపించాడు. ఆమె పుస్తకం మూసేసింది.

ఆ సాయంత్రం ఖాళీ తరగతిలో పిల్లల బెంచీ మీద కూర్చొని నన్ను అడిగింది. "మీ భాషల సందేహానికి, అనుమానానికి తేడా ఏంది?"

తెలుగు టీచర్ని కదా, టక్కున చెప్పాను. తెలియకపోవడం సందేహం, తప్పు చేశారేమో అనుకోవడం అనుమానం. చెప్పిన వెంటనే నాకే అడ్డం తిరిగింది. వాన పడేది అనుమానమే అంటాం కదా. అక్కడ వాన ఏం తప్పు చేసింది? అక్కడ అనుమానమంటే పడదనేగా? ఆమె ఇంగ్లిషు డౌటులాగే? మరి వాడి మీద అనుమానం అంటే మాత్రం వాడే దొంగ అని ఎట్లా అయింది? ఇద్దరం చాలాసేపు అట్లా మాటలు ముందూ వెనకా పెట్టి చూశాం. చివరికి ఆపాయే పట్టుకుంది. "'మీద'ల ఉన్నది గమ్మత్తు. డౌటు మాట మీద పెడితే అది ఆలోచన. మనిషి మీద పెడితే నేరం. నేను మాట మీద పెట్టిన, ఆయన తీసుకపోయి మనిషి మీద పెట్టిండు."

అట్లా తేలిందనుకున్నాం. తేలిందా? ఇప్పుడు రాస్తుంటే మళ్లీ చిక్కుపడుతోంది.

ఆదివారం ఆమె ఒక్కతే నడిచి వంటక్క గూడేనికి వెళ్లింది. నేనూ వస్తానంటే వద్దన్నది. ఎండలో తిరిగొచ్చి, కాళ్లు కడుక్కొని, "నీళ్లిచ్చింది. మంచం వాల్చింది. మాట్లాడలే" అన్నది. మరి నువ్వు చెప్పలేదా అన్నాను. ఏమని చెప్పాలో తెలియలేదన్నది. డౌటు అన్న మాట వాళ్ల గూడెంలో కూడా తెలుసట, అనుమానం అన్న అర్థంలోనే. అదే ఇబ్బంది.

ఆమె మళ్లీ ఒక కాగితం రాసి మేనేజరుకు ఇచ్చింది, పైకి పంపమని. అది వెళ్లిందో లేదో ఎవరికీ తెలియదు. కానీ దసరా దాటాక పెద్దాఫీసు నుంచి జవాబు వచ్చింది. అది రెండో కాగితానికి కాదు, మొదటి దానికే. అక్కడ కాగితాలు చూసే ఆమె చిన్నప్పటి నుంచి ఇంగ్లిషులోనే పెరిగిన మనిషట. మీ సాక్షి, వంటమనిషి తీయలేదనే నమ్ముతున్నానని స్పష్టంగా రాశారు కదా, మరి ఏ ఆధారంతో తొలగించారు, వెంటనే పనిలోకి తీసుకోండి అని రాసింది.

మేనేజరు ఆ ఉత్తరం పట్టుకొని స్టాఫ్ రూముకు వచ్చాడు. ముఖంలో కోపం లేదు. దారి తప్పినవాడిలా ఉన్నాడు. "మేడం, అదే వాక్యం. దాంతోనే తీసేశాం, దాంతోనే తీసుకోమంటున్నారు. ఇంతకీ మీరు రాసిందేమిటి?" అని అడిగాడు.

"రాసింది ఒక్కటే సార్" అన్నది ఆపా.

మేమంతా సంతోషించాం. ఆమె సంతోషించలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. పెద్దాఫీసు ఆమె కూడా తప్పుగానే చదివిందట. నేను నమ్మనని మాత్రమే అన్నాను, వంటక్క తీయలేదని తేలినట్టు తీసుకున్నారు అన్నది. "ఒకాయన పట్టుకున్నడు, ఒకామె ఇడిచిపెట్టింది. నా మాట నా మాటలెక్క ఎవరికీ చేరలే." వంటక్క పని తిరిగొచ్చిందిగా, ఇంకేం కావాలి అన్నాను కాస్త విసుగ్గానే. ఆమె తల ఊపింది. నాతో ఒప్పుకొని ఊపిందో, మాట ఆపేయమని ఊపిందో నాకు అర్థం కాలేదు.

దుప్పట్లు మాత్రం దొరకలేదు. వరద జనంలో ఎవరైనా తీసుకుపోయారో, అసలు బేలు వచ్చిందో లేదో, వంటక్కే తీసిందో, ఈనాటికీ తెలియదు.

వంటక్క తిరిగొచ్చిన మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక మేమిద్దరం వంటింట్లోకి వెళ్లాం. ఆమె గంటె కడుగుతూ, తల ఎత్తకుండా అడిగింది. "ఇంకా డౌటున్నదా అమ్మా నీకు?"

ఆపా నోరు తెరిచి ఆగిపోయింది. ఆమె ఎందుకు ఆగిందో ఆ వంటింట్లో నాకొక్కదానికే తెలుసు. ఉంది అంటే, తీశావంటే ఇప్పటికీ నమ్మనని ఇంగ్లిషులో అర్థం, వంటక్కకు మాత్రం నువ్వే దొంగవని వినిపిస్తుంది. లేదు అంటే వంటక్కకు సరిగ్గా వినిపిస్తుంది, కానీ నమ్మనన్న ఆ మాటను తానే చెరిపేసినట్టు. ఈ తర్కం నిలబడుతుందో లేదో కూడా నాకు తెలియదు. మామూలు మనిషైతే లేదమ్మా అనేసి ఊరుకునేది. ఆమె అనలేకపోయింది. కాసేపటికి పొయ్యి పక్కన నేల మీద కూర్చొని, బోర్లించి ఉన్న పళ్లెం తీసి ముందు పెట్టుకున్నది.

"నువ్వు లేనప్పటి సంది సరిగ్గ తినలే. పులుసు పొయ్" అన్నది.

వంటక్క చాలాసేపు ఆమెనే చూసింది. తర్వాత అన్నం పెట్టి పులుసు పోసింది. నాకూ పెట్టింది. అది జవాబేనా అని నేను ఆపాను తర్వాత అడిగాను. "ఆమెనే అడగాలె" అన్నది.

ఆ తర్వాత ఆమె పాఠం మారింది. పిల్లలు మేడం డౌట్ అంటే ఇక దిద్దడం మానేసింది. ఇక్కడ అట్ల అన్నా నడుస్తది, రాసేటప్పుడు మాత్రం అడుగు చూసి వేయాలె అనేది. అనుమానమైతే సస్పెక్ట్ అని రాయండి, నమ్మకం లేకపోతే డౌట్ అని రాయండి. ఎదుటివాళ్లు ఎట్లా చదువుతారో తెలియకపోతే రెండూ మానేసి, నేను చూసింది ఇది, నేననుకునేది ఇది అని విడివిడిగా రాయండి. నో డౌట్ అనేది చూడ్డానికి గట్టి మాటే గానీ దాని వెనక ఒక 'కానీ' దాక్కొని ఉంటుంది, నిజంగా గట్టిగా చెప్పాలంటే వితౌట్ డౌట్ అనాలి అనేది. పిల్లలు తెల్లముఖాలు వేసేవాళ్లు. "కన్ఫ్యూజ్ అయిండ్రా? మంచిది. కానోళ్లతోనే నాకు భయం" అనేది. రాసినాక ఒకసారి పగోడి లెక్క చదువుకోండి, అప్పుడు పంపండి అనేది. ఆ మాట ఇప్పటికీ మా పిల్లలు కొందరు పాటిస్తారు. నేనూ పాటిస్తాను. అందుకే ఉత్తరాలు రాయడం తగ్గిపోయింది.

కిందటేడు ఆమె ఒంట్లో బాగాలేక సెలవు పెట్టి కొత్తగూడెం వెళ్లిపోయింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానాకు తీసుకెళ్లి, ఒంట్లో ఉన్న గడ్డ క్యాన్సరేమోనని పరీక్షలు చేయించారు. నేను చూడ్డానికి వెళ్లినరోజే రిపోర్టు వచ్చింది. ఆమె తమ్ముడు చదివి ఒక మూలకు పోయి కళ్లు తుడుచుకుంటున్నాడు. అందులో 'కెనాట్ బి రూల్డ్ ఔట్' అని ఉందట. ఆ గడ్డను బయటికి తీయడం ఇక కుదరదని రాశారని అతను అనుకున్నాడు. ఆపా దిండుకు ఆనుకొని, కళ్లజోడు పెట్టుకొని, వేలు కింద పెట్టి ఒక్కొక్క లైనూ చదివింది. తర్వాత నవ్వింది. అన్నాళ్లలో ఆమె నవ్వడం అదే మొదటిసారి అని తమ్ముడి భార్య చెప్పింది.

"గట్ల కాదురా. కాదని చెప్పలేమంటున్నరు. ఉన్నదని కూడ అంటలేరు" అన్నది.

నా వైపు కాగితం తిప్పి, నాకు చదవరాదని తెలిసీ చూపించింది. ఆ డాక్టరు ఎంత బాగా రాసిండో చూడు, ఎక్కడా ఉంది అనలేదు, లేదు అనలేదు, కనబడింది కనబడినంతే రాసిండు అని మెచ్చుకుంది. చేతిలో తన ప్రాణం గురించిన కాగితం పెట్టుకొని ఆ డాక్టరు వాక్యాన్ని మెచ్చుకుంటోంది. నేను ఉండబట్టలేక అడిగాను. "మరి నీకేమనిపిస్తుంది ఆపా? ఉందా, లేదా?"

"నాకు తెలిసిపోయింది తెలుగూ. కానీ నేను డాక్టర్ని కాదు గదా" అన్నది.

అది ధైర్యమో, భయమో, అలవాటో. తిరుగు ప్రయాణంలో ఆ మాటను ఎన్ని రకాలుగా విరిచి చూసినా నాకు తేలలేదు.

పోయిందని తెలిసిన రోజు నేను తరగతిలోంచి నేరుగా వంటింటికి వెళ్లి వంటక్కకు చెప్పాను. ఆమె పొయ్యి మీది గిన్నె దించి, చేతులు కడుక్కొని, పని ఇంకొకరికి ఒప్పజెప్పి, ఏమీ అడగకుండా నాతో బస్సెక్కింది. కొత్తగూడెంలో ఆ ఇంటి ముందు మగవాళ్లు, లోపల ఆడవాళ్లు. వాళ్ల గూడెంలో మనిషి పోతే డోలు మోగుతుంది, గొంతెత్తి ఏడుస్తారు. ఇక్కడ అంతా మెల్లగా ప్రార్థన చదువుతున్నారు. వంటక్క గుమ్మం దగ్గరే ఆగిపోయి, లోపలికి రావచ్చా, దగ్గరికి పోవచ్చా అని నన్ను అడిగింది. నాకూ తెలియదు. తమ్ముడి భార్య చూసి, వచ్చి, ఆమె చెయ్యి పట్టుకొని తీసుకెళ్లింది. తెల్లబట్టలో ముఖం ఒక్కటే కనిపిస్తోంది. వంటక్క వంగి చూసి, పెదాలు కదిపి, తన భాషలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నేను అడగలేదు.

మగవాళ్లు ఎత్తుకొని వెళ్లిపోయాక మేము బయలుదేరాం. తమ్ముడి భార్య దారిలో తినమని రొట్టెలు తెల్లగుడ్డలో కట్టి వంటక్క చేతిలో పెట్టింది. భద్రాచలంలో బస్సు మారి కూర్చున్నాక వంటక్కే నోరు విప్పింది.

"తీసినవా అని ఆమె నన్ను ఒక్కసారి అడగలే."

"ఎవరూ అడగలేదు కదక్కా, మేనేజరు తప్ప" అన్నాను.

"సారు నోటితోని అడిగిండు. మీరంత కండ్లతోని అడిగిండ్రు. ఆమె రెండింటితోని అడగలే."

ఆపా అడగకపోవడానికి నమ్మకం కారణమా, లేక జవాబు ఏదొస్తుందోనన్న జంకా? వంటక్క మాత్రం అది నమ్మకమేనని మనసులో పెట్టుకుంది. కాదనడానికి నేనెవర్ని? ఇన్నేళ్లుగా నా నాలుక చివర ఉన్న ప్రశ్న ఆ బస్సులో అడగొచ్చు. పక్కనే ఉంది, చెప్పేసేది కూడా. అడగబుద్ధి కాలేదు.

చీకటి పడక ముందే వాళ్ల గూడెం మలుపు వచ్చింది. అక్కడ స్టాపు లేదు, ఆమె కోసమే డ్రైవరు ఆపాడు. దిగి చెప్పులు చేతిలోకి తీసుకొని, రొట్టెల గుడ్డ నెత్తిన పెట్టుకొని కాలిబాట పట్టింది. చెట్ల మధ్య నుంచి ఒక కుక్క పరుగెత్తుకొచ్చింది, దాని వెనక ఇంకోటి. వాటితో ఏదో మాట్లాడుతూ, ఒక రొట్టె తుంచి వేస్తూ నడిచింది. బస్సు కదిలాక కూడా ఆ తెల్లటి గుడ్డ ఆకుల మధ్య కొంతదూరం కనిపిస్తూనే ఉంది.